ఫోటోకి కట్టిన గోడలు

డబ్బు ఆడవాళ్ళ చేతికే ఇస్తారని తెలిసిన రోజు సాయంత్రం మా నాన్న బోరింగు దగ్గరికెళ్ళి నీళ్ళు తెచ్చాడు. శిబిరంలో మేమున్న అన్నేళ్ళలో ఆయన నీళ్ళు మోయడం అదే మొదలు. పచ్చ డబ్బా భుజానికెత్తుకుని సందులోంచి వస్తూంటే గుడిసెల ముందు కూర్చున్న ఆడవాళ్ళు చేతుల్లో పని ఆపి మరీ చూశారు. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి. మిగతా సగం మా అమ్మ ముందు దించి, చెమట తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు, ఎవరో మెచ్చుకోవాలన్నట్టు.

అమ్మ ఆ నీళ్ళతో గిన్నెలు కడుక్కుంది.

మా నాన్న పేరు లాకొనీ. మా అచోలీ భాషలో సాయం చేసేవాడని అర్థం. మా తాత ఏ ఆశతో పెట్టాడో. నేనెరిగిన లాకొనీ పొద్దున్నే లేచి కర్రపెండలం సారా కాచే చోటికి వెళ్ళేవాడు. చేతిలో ఏమీ లేకపోతే రేషన్లో వచ్చిన చిక్కుడు గింజలు అంగీ జేబుల్లో పోసుకుని వెళ్ళేవాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, యుద్ధం రాకపోతే తనకి ఎన్ని పశువులుండేవో చెప్పేవాడు. ఏడాది ఏడాదికీ ఆ పశువులు పెరుగుతూ పోయాయి.

ఆయనొక్కడే కాదు. ఆ వారం శిబిరంలో మొగుళ్ళందరికీ పెళ్ళాలు గుర్తొచ్చారు. ఒకాయన కట్టెలు కొట్టాడు. ఒకాయన పెళ్ళానికి దువ్వెన కొనుక్కొచ్చాడు. మా వరసలోనే ఇంకొకాయన, ఎప్పుడో ఇల్లొదిలి వేరే గుడిసెలో మరొకతెతో ఉంటున్నవాడు, చాప చుట్టుకుని తిరిగొచ్చేశాడు. ఆయన పెళ్ళాం చాప తీసుకుని లోపల పెట్టుకుంది. ఆయన్ని మాత్రం బయటే ఉంచింది.

యుద్ధం ఆగి రెండేళ్ళవుతోంది. సైన్యం మమ్మల్ని ఊళ్ళలోంచి లేపుకొచ్చి ఆ శిబిరంలో పడేసినప్పుడు నేను చిన్నపిల్లని. ఆ ఎండాకాలానికి నాకు పద్దెనిమిది నిండాయి. ఇక ఊళ్ళకి పొమ్మన్నారు. పోవడానికి డబ్బిస్తామన్నారు. ఇచ్చేది ప్రభుత్వం కాదు, ఏదో సంస్థ. తెల్ల బండ్లలో వచ్చేవాళ్ళు. డబ్బు రెండు విడతలు. మొదటిది గడ్డికీ వాసాలకీ ఇటుకలకీ. ఊళ్ళో గోడలు లేపి, వాటి ముందు నిలబడి ఫోటో దిగితే రెండోది.

అదే వారంలో ఓచోరా వచ్చాడు. శిబిరం ఉన్న నేల అతనిది. అన్నేళ్ళూ తన నేల మీద వేలమంది పొయ్యిలు పెట్టుకుంటే కిక్కురుమనలేదు, ఎందుకంటే సారా బట్టీలన్నీ అతనివే. ఇప్పుడు జనం కదులుతున్నారని తెలిసి, నున్నటి చేతికర్రొకటి పట్టుకుని సందు సందూ తిరిగాడు.

"వెళ్ళేవాళ్ళు మీ వాళ్ళని కూడా తీసుకుపోండి" అన్నాడు మా గుడిసె ముందు ఆగి.

"ఎవర్ని?" అంది అమ్మ.

"పాతిపెట్టినవాళ్ళని. వానలు పడగానే నాగలి కడతాను. ఎముకలు పైకొస్తే నన్ననడానికి లేదు."

"ఇన్నాళ్ళూ ఉండనిచ్చావు కదయ్యా."

"ఇన్నాళ్ళూ మీరున్నారు. ఇప్పుడు కర్రపెండలం వేస్తాను." కర్రతో గుడిసెల వెనక్కి చూపించాడు. "చచ్చినవాళ్ళు కౌలు కట్టరు కదమ్మా."

మా వెనక, వంటల పొగ మధ్య, మా తమ్ముడు ఒజారా ఉన్నాడు. నాలుగేళ్ళ కిందట శిబిరమంతా వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు పోయాడు. వాడికప్పుడు ఐదేళ్ళు. వాడి పక్కనే, అదే వారంలో పోయిన అచిరో ఉంది. అచిరో మా పక్క గుడిసె లామారో కూతురు, వాడి ఈడుదే. ఇద్దరికీ గుర్తుగా చెరో కర్ర పాతారు. రెండు కర్రల్నీ ఎవరో వంటచెరకు చేసుకున్నారు. ఎవరో అంటున్నాను గానీ, లామారో మొగుడేనని అందరికీ తెలుసు.

డబ్బు ఇచ్చే ముందు పాఠం చెప్పారు. డబ్బెలా వాడుకోవాలో మాకు తెలీదట. పిండీ నూనే లారీ దిగిన రోజు నుంచి దిగని రోజు దాకా సాగదీసి పిల్లల్ని బతికించిన ఆడవాళ్ళని చింతచెట్టు కింద వరసగా కూర్చోబెట్టి, సంస్థ నుంచి వచ్చిన ఒక అమ్మాయి బొమ్మలు చూపించింది. పేరు నకిమేరా. రాజధాని కంపాలా నుంచి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. మా భాష రాదు. పక్కన బొంగొమిన్ నిలబడి ఆమె ఇంగ్లీషు మాకు చెప్పేవాడు. బొంగొమిన్ మావాడే, శిబిరంలోనే పెరిగాడు. సంస్థవాళ్ళ టోపీ ఒకటి దొరికిన రోజు నుంచి మమ్మల్ని ఎక్కడో చూసినట్టుందే అన్నట్టు చూసేవాడు.

మొదటి బొమ్మలో మగవాడొకడు సీసా పట్టుకుని నేలమీద పడున్నాడు. దాని మీద ఎర్రగా అడ్డగీత. రెండో బొమ్మలో ఒకావిడ కోడిని పట్టుకుని నవ్వుతోంది.

నకిమేరా చాలాసేపు మాట్లాడింది. చేతులు తిప్పింది, గుండె మీద చెయ్యేసుకుంది, ఒకసారి కళ్ళు మూసుకుంది కూడా. అది అయ్యాక బొంగొమిన్ మావైపు తిరిగాడు.

"తాగొద్దంటోంది. కోళ్ళు కొనుక్కోమంటోంది."

వెనకాల చెట్టుకి ఆనుకుని మా నాన్న కూర్చున్నాడు. "బొమ్మలో సీసా మాత్రం బాగా వేశారు" అన్నాడు.

ఏవైనా అడగాలంటే అడగమన్నారు. అమ్మ లేచింది. అమ్మ అలాంటి చోట నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇక్కడ పోయిన పిల్లల్ని ఊరికి తీసుకెళ్ళాలి. మేక కావాలి, గుడ్డ కావాలి, తవ్వేవాళ్ళకివ్వాలి. దానికేమైనా ఇస్తారా?"

బొంగొమిన్ ఒక్క క్షణం అమ్మని చూసి, నకిమేరాకి ఏదో చెప్పాడు. ఆమె మొహం విప్పారింది. చేతులు జోడించినట్టు పెట్టి అమ్మవైపు చూసి నవ్వింది.

"ఏమంటోంది?" అంది అమ్మ.

"నీకు మేలు జరగాలంటోంది."

"నువ్వేం చెప్పావు?"

"డబ్బిస్తున్నందుకు నువ్వు కృతజ్ఞతలు చెప్పావని చెప్పాను. కూర్చో పిన్నీ."

అమ్మ కూర్చుంది. అంతకంటే మర్యాదగా ఒక మనిషి నోరు మూయించడం నేను తర్వాత కూడా చూడలేదు.

ఆ సాయంత్రం రాగి ముద్దలోకి నువ్వుల ముద్ద కలిపిన పుల్లాకు కూర వండింది అమ్మ. అలవాటు ప్రకారం లామారో గిన్నె పట్టుకుని వచ్చి మా గడపలో కూర్చుంది. లామారోకి పెద్ద నోరు, అంతకన్నా పెద్ద గిన్నె.

"ఒజారాని తీసుకెళ్దాం" అంది అమ్మ, ముద్ద పెడుతూ. నాన్నతో అన్నట్టు లేదు, కూరలో ఉప్పు చాలిందా అని అడిగినట్టుంది.

నాన్న నమలడం ఆపాడు. "ఏ డబ్బుతో?"

"వచ్చే డబ్బుతో."

"అది గోడలకి. గోడల్లేకపోతే రెండో విడత రాదు. వినలేదా నువ్వు? నీకు చెవులు లేవా?"

"విన్నాను."

"మరి?"

"గోడలు మనమే నెమ్మదిగా కట్టుకుందాం. ఓచోరా నాగలి ఆగదు."

లామారో నవ్వింది. నోట్లో ముద్ద ఉండగానే నవ్వింది. "అక్కా, ఎముకలు తింటాయా, తాగుతాయా? అక్కడుంటే ఏంటి, ఇక్కడుంటే ఏంటి? మా ఆయన అప్పుడే ఇటుకలవాడితో మాట్లాడేశాడు. రెండు విడతలూ తీసుకుని గులు పట్నంలో కొట్టు పెడతాం."

"మీ పిల్లనేం చేస్తావు?" అన్నాన్నేను.

"ఏ పిల్ల?"

ఆ మాట తను కావాలని అందో, నిజంగా ఆ క్షణాన గుర్తు రాలేదో నాకిప్పటికీ తెలీదు. అందరం తిండి మీదికి వంగాం. కాసేపటికి లామారోయే అంది, ఈసారి గొంతు తగ్గించి: "చచ్చిపోయినదానికి ఇల్లెందుకే. బతికున్నవాళ్ళకే లేదు."

తర్వాత గిన్నె ముందుకి జరిపి ఇంకాస్త కూర వేయించుకుంది.

డబ్బు పంచిన రోజు స్కూలు ఆవరణ పెళ్ళివారి ఇల్లులా ఉంది. ఆడవాళ్ళు లోపల వరసలో, మగవాళ్ళు కంచె బయట. ఒక్కొక్కతె బయటికి రావడం, ఒక్కొక్కడు పక్కన చేరడం. కంచెకి అవతల ఓచోరా మనుషులు సారా డబ్బాలు అప్పటికే దించి పెట్టుకున్నారు. తాగొద్దన్న బొమ్మ స్కూలు గోడకి అతికించి ఉంది. దాని కిందే అమ్మకం.

అమ్మ బయటికి రాగానే నాన్న చెయ్యి చాపాడు. "దాచి పెడతాను, ఇవ్వు. దొంగలున్నారు."

"చూస్తున్నాను" అంది అమ్మ. ఆగకుండా నడిచింది. నేను వెనకాల. నాన్న కొంత దూరం వచ్చి, నలుగురూ చూస్తున్నారని ఆగిపోయాడు. అక్కడ నలుగురూ లేకపోతే ఏం చేసేవాడో నాకు తెలుసు, అమ్మకీ తెలుసు.

సంతలో మేకని కొన్నాం. తెల్ల గుడ్డ కొన్నాం. గోతులు తవ్వే పని చేసే ఇద్దరు అన్నదమ్ములుండేవాళ్ళు; శిబిరం ఉన్నన్నాళ్ళూ పాతిపెట్టి సంపాదించారు, ఇప్పుడు తవ్వి తీసి సంపాదిస్తున్నారు. వాళ్ళతో మాట్లాడుకున్నాం. మా వంశంలో బతికున్న పెద్దాయన ఓదూర్‌కి కబురు పెట్టాం. ఊరికెళ్ళే దారిలో తినడానికి పిండి కొన్నాం. అక్కడితో గోడలయిపోయాయి.

తవ్వకం పొద్దున్నే మొదలుపెట్టారు. కర్రలు లేవు గనక అమ్మ చూపిన చోట తవ్వారు. పొయ్యి బూడిద, విరిగిన పళ్ళెం, చెప్పు ముక్క, ఆ తర్వాత ఎర్రమట్టి. నడుం లోతు దిగాక అన్నదమ్ముల్లో పెద్దవాడు పార ఆపాడు.

"అమ్మా, ఇక్కడ ఇద్దరున్నారు."

వాననీళ్ళు దిగి రెండు గుంతల మధ్య మట్టి కూలిపోయింది. ఇద్దర్నీ చుట్టింది ఒకే రకం దుప్పటి, శిబిరంలో అందరికీ పంచిన బూడిదరంగుది. అది కూడా చాలావరకు మట్టయిపోయింది.

"మేం ఒకరికే మాట్లాడుకున్నాం" అన్నాడు చిన్నవాడు.

"ఇంక నా దగ్గర లేదు" అంది అమ్మ.

"అయితే ఇంతవరకే." పైకొచ్చేసి, పారలు కడుక్కుని, గట్టు మీద కూర్చున్నారు. బేరం మళ్ళీ మొదలవుతుందని ఎదురుచూశారు. వాళ్ళని తిట్టుకోలేను. ఆ రోజు అక్కడ చేస్తున్న పని ఏమిటో దాచకుండా చెప్పింది వాళ్ళే.

నాన్న అప్పటిదాకా దూరంగా, మేక తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు నా చేతికిచ్చాడు. అంగీ విప్పాడు. గోతిలోకి దిగాడు.

పార అడగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తీశాడు. ఎక్కువసేపు పట్టింది. ఎండెక్కింది. ఆయన వీపు మీద పక్కటెముకలన్నీ కనిపిస్తున్నాయి. ఏదైనా దొరికితే మట్టి ఊది, అరచేతిలో పెట్టి చూసి, పైకి అందించేవాడు. అమ్మ గుడ్డలో పెట్టేది.

కొంతసేపయ్యాక తలెత్తాడు.

"ఏవి మనవో తెలీట్లేదే."

"అన్నీ తియ్యి" అంది అమ్మ.

లామారో తన గుడిసె గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి అంతా చూస్తోంది. అమ్మ అటు తిరిగింది.

"లామారో, మీ పిల్ల కూడా ఉంది. రా."

"నాకు పనుంది అక్కా" అంది లామారో. లోపలికెళ్ళింది. తలుపు వేసుకుంది. శిబిరంలో పగటిపూట ఎవరూ తలుపు వేయరు, లోపల ఊపిరాడదు. ఆ తలుపు మేం వెళ్ళేదాకా తెరుచుకోలేదు.

నాన్న ఆ రోజు తాగలేదు. మూట ఎవరికీ ఇవ్వకుండా గుండెకి ఆనించుకుని ఒలెంగ్ దాకా, అంటే మా ఊరిదాకా, తనే మోశాడు. ఇది ఆయన మంచితనం చెప్పడానికి రాస్తున్నది కాదు. జరిగింది గనక రాస్తున్నాను. మర్నాడు తాగాడు.

ఊరంటే అప్పటికి నడుం ఎత్తు గడ్డి. మా పాత గుడిసె ఉన్న చోట తిరగలిరాయి ఒక్కటే మిగిలింది. ఓదూర్ పెద్దాయన ముందే వచ్చి చెట్టు కింద కూర్చున్నాడు. మూట విప్పి చూసి మొహం చిట్లించాడు.

"రెండు పుర్రెలున్నాయే."

"పక్కింటి పిల్ల" అంది అమ్మ.

"పరాయి వంశం పిల్లని మన మట్టిలో పెట్టడమేంటి? రేపు ఊళ్ళో ఏ జ్వరమొచ్చినా దానివల్లే అంటారు. నన్నడుగుతారు."

"అయితే ఏవి పరాయివో ఏరి పక్కన పెట్టు పెద్దాయనా."

ఆయన గుడ్డ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, మేక తొడ తనకేనా అని అడిగాడు. అవునంది అమ్మ. దాంతో వంశం సంగతి తేలిపోయింది. పూజ చేశాడు. "ఇంటికొచ్చారు, ఇంక తిరక్కండి" అని ఇద్దరితోనూ చెప్పాడు. ఒక్క గుంతలోనే పెట్టాం.

తర్వాత రోజుల్లో ఒలెంగ్‌లో గోడలు లేచాయి. చూస్తుండగానే లేచాయి. ఇటుకలు సరిగ్గా కాల్చలేదు, మట్టి సరిగ్గా తొక్కలేదు, కప్పు మాట ఎవరూ ఎత్తలేదు. ఫోటోలో గోడలు కనిపిస్తే చాలు. లామారో మొగుడు మా పొలానికి అవతల, తన నేలలో, గుండ్రంగా గోడ లేపి రెండు వైపులా గుమ్మాలు పెట్టాడు. గుడిసెకి రెండు గుమ్మాలేంటని నేననుకున్నాను. తనిఖీ రోజున అర్థమైంది. తూర్పు గుమ్మం ముందు వాళ్ళు ఫోటో దిగారు. పడమటి గుమ్మం ముందు ఇంకో కుటుంబం దిగింది. గోడ పక్క నుంచి మూడో కుటుంబం దిగింది. బొంగొమినే అందర్నీ నిలబెట్టాడు, టోపీ సర్దుకుంటూ. ఊరికే చేశాడని ఎవరూ అనుకోలేదు.

మేం టార్పాలిన్ కింద ఉన్నాం. నకిమేరా కెమెరా మెడలో వేసుకుని మా దగ్గరికొచ్చి చుట్టూ చూసింది. బొంగొమిన్ ద్వారా అడిగింది.

"గోడలేవి?"

అమ్మ ఆమెని పిల్లల్ని పెట్టిన దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళింది. దాని చుట్టూ అమ్మ అప్పటికే రాళ్ళు పేర్చింది. "డబ్బు ఇక్కడుంది" అంది.

నకిమేరా బొంగొమిన్ వైపు చూసింది. అతను ఏదో చెప్పాడు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే, అయినా కూరగాయలు, తోట అన్న మాటలు స్కూల్లో నేర్చుకున్నాను. ఆమె తలూపి, ఏం విత్తనాలు వేశారని అడిగింది.

"తమ్ముడు" అన్నాన్నేను ఆ వచ్చిన ఇంగ్లీషులోనే. "నా తమ్ముడు. చనిపోయాడు. ఇక్కడ."

ఆమె దిబ్బ మీదికి వచ్చిన కాలు వెనక్కి తీసుకుంది. బొంగొమిన్‌ని ఏమీ అనలేదు. అనాల్సింది అతన్నే, కానీ అంటే ఆ రోజు మిగతా ఇళ్ళన్నీ ఎలా చూస్తుంది. చాలా మెల్లగా, చాలా మర్యాదగా మాతో మాట్లాడింది.

"బాధగా ఉందట" అన్నాడు బొంగొమిన్. "కానీ ఇది గూడు పథకమట. బతికున్నవాళ్ళకి. డబ్బు దేనికిచ్చారో దానికి మీరు వాడలేదు గనక రెండో విడత రాదట."

"సరే" అంది అమ్మ.

బొంగొమిన్ దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "పిన్నీ, ఇంత దాకా వచ్చి పోగొట్టుకోకు. అదిగో, ఆ గోడకి రెండో పక్క ఇంకా ఎవరూ దిగలేదు. వచ్చి నిలబడు. మేడంకి నేను చెప్పుకుంటాను. ఆవిడకి ఏ గోడైనా గోడే."

"ఆ గోడ మాది కాదు."

"ఎవరిదీ కాదు పిన్నీ. వానకి పోయేదే."

నాన్న అప్పటికే వెళ్ళి నిలబడ్డాడు. అంగీ బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. జుట్టు తడిచేత్తో అణుచుకున్నాడు. పరాయివాడి గోడ ముందు, ఇంటి యజమాని నిలబడినట్టు, ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు. గోతిలో మోకాళ్ళ మీద కూర్చున్న మనిషి ఈయనేనా అని చూశాను. ఈయనే.

"ఏమే, రా. ఒక్క నిమిషం పని."

జాబితాలో పేరు అమ్మది. అమ్మ లేకుండా ఆ ఫోటో పనికిరాదు. బొంగొమిన్ ఏం చెప్పాడో, నకిమేరా కెమెరా ఎత్తి పట్టుకుని ఆగింది. నేనూ అమ్మ వైపు చూశాను. వెళ్ళాలనే ఉంది నా మనసులో. వానాకాలం వస్తోంది, టార్పాలిన్‌కి మూడుచోట్ల చిరుగులున్నాయి.

అమ్మ వంగి పార అందుకుంది. పొలం వైపు నడిచింది. కాసేపటికి గడ్డి వేళ్ళు తెగుతున్న చప్పుడు వినిపించింది.

నకిమేరా కెమెరా దించింది. నాన్న ఇంకా కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆ వారంలోనే, ఈ ఆడదానితో కాపురం చెయ్యలేనని ఊరందరికీ చెప్పి శిబిరానికి వెళ్ళిపోయాడు. శిబిరంలో జనం లేరు, రేషన్ లేదు. ఓచోరా బట్టీ మాత్రం ఉంది.

వానలు పట్టుకున్నాయి. టార్పాలిన్ కింద నేను మూలకి ముడుచుకుని అమ్మని అనరాని మాటలన్నాను. "వాడి ఎముకలు పొడిగా ఉన్నాయి. మనం తడుస్తున్నాం" అన్నాను. అమ్మ తన చాప తడిసేవైపు లాక్కుని, నా చాప పొడివైపు జరిపింది. ఆ పని చూసి నాకు ఇంకా కోపమొచ్చింది.

ఆ వానల్లోనే గోడలూ కరిగాయి. కప్పు లేని గోడ ఎన్నాళ్ళుంటుంది. ముందు అంచులు జారాయి, తర్వాత కిటికీల దగ్గర కూలాయి. లామారో మొగుడి గోడ నాకు రోజూ కనిపించేది; ఒకరోజు చూస్తే రెండు గుమ్మాలు ఒకే గుమ్మమయ్యాయి. కట్టినవాళ్ళెవరూ లేరు. రెండో విడత చేతికందగానే కొందరు గులు వెళ్ళారు, కొందరు శిబిరం పక్కనే ఉన్న బజారులో గదులు తీసుకున్నారు. సంస్థవాళ్ళు పని ముగించుకుని వెళ్ళేముందు దారి మొదట్లో రేకు బోర్డొకటి పాతారు. ఒలెంగ్‌కి అన్ని కుటుంబాలూ తిరిగొచ్చి స్థిరపడ్డాయని అందులో రాసుంది. ఆ రోజు ఆ దారిన నడిచింది నేనూ, అమ్మా, మందలోంచి తప్పిపోయిన ఎవరిదో ఆవూ.

మేం నువ్వులు వేశాం. నాలుగు సాళ్ళ రాగి వేశాం. నది అవతలి ఊరి ఆడవాళ్ళు కొందరు నిజంగానే తిరిగొచ్చారు. వాళ్ళ పొలంలో మేమూ, మా పొలంలో వాళ్ళూ వంతులేసుకుని పని చేశాం. వానలు కాస్త తెరిపిచ్చినప్పుడు వాళ్ళే సాయంపట్టి మాకు చిన్న గుడిసె వేశారు. దాన్నెవరూ ఫోటో తీయలేదు. నాన్న ఒకసారి వచ్చి దాన్ని చుట్టూ తిరిగి చూసి, గుమ్మం పొట్టిగా ఉందన్నాడు. అమ్మ అన్నం పెట్టింది. తిని వెళ్ళిపోయాడు.

నువ్వులు పూతకొచ్చిన రోజుల్లో లామారో వచ్చింది.

దారి వైపు నుంచి కాదు, పొలానికి అడ్డంగా, తడిసిన గడ్డిలోంచి వచ్చింది. చిక్కిపోయింది. గులులో కొట్టు పెట్టలేదని మాకు అప్పటికే తెలుసు. రెండు విడతలూ పట్టుకుని మొగుడు ఎటో వెళ్ళాడు, ఒక్కడే వెళ్ళలేదు. ఆ కబురు విన్న రోజు నేను నవ్వాను. దాచుకోను, హాయిగా నవ్వాను.

ఆమె గట్టు మీద నిలబడింది. అమ్మ నడుం ఎత్తి చూసింది.

"ఓచోరా దున్నేశాడక్కా" అంది లామారో. "మొన్న వెళ్ళాను. మన వరసంతా దున్నేశాడు. కర్రపెండలం మోకాలెత్తు వచ్చింది."

అమ్మ పారకంటిన మట్టి కాలితో తోసింది.

"ఆ రోజు నువ్వు... రెండూ తెచ్చావా?"

"తెచ్చాను."

"ఎక్కడ?"

అమ్మ పారతో చూపించింది. వానలకి దిబ్బ మీద గడ్డి పట్టేసింది, చుట్టూ పేర్చిన రాళ్ళు కూడా కనపడటం లేదు. మాకు కలుపు తీసే తీరిక దొరకలేదు.

"అందులో మాది ఏ వైపు?"

"తెలీదు" అంది అమ్మ. "కలిపే పెట్టాం."

నా నోటిదాకా చాలా మాటలొచ్చాయి. నీకు పనుంది కదా అందామనుకున్నాను. ఎముకలు తింటాయా తాగుతాయా అని అడుగుదామనుకున్నాను. ఆమె మొహం చూస్తే అడగాల్సిన అవసరం లేదనిపించింది. అవన్నీ తనకి తనే చెప్పుకుంటూ అంత దూరం నడిచి వచ్చినట్టుంది. అయినా నాకు జాలి కలగలేదు. జాలి పడితే బాగుండేదని ఇప్పుడనిపిస్తుందేమోనని చాలాసార్లు చూసుకున్నాను. అనిపించదు.

అమ్మ తన చేతిలో పార ఆమెకిచ్చింది.

లామారో వెళ్ళి దిబ్బ పక్కన కూర్చుంది. పార వాడలేదు, పక్కన పెట్టేసింది. ఒకవైపు నుంచి చేత్తో గడ్డి పీకడం మొదలుపెట్టింది. కాస్త పీకి ఆగింది. లేచి రెండోవైపుకెళ్ళి అక్కడ కాస్త పీకింది. మళ్ళీ మొదటివైపుకి వచ్చింది. అలా రెండుమూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. ఆ తర్వాత తిరగడం మానేసి, అంచున కూర్చుని, వరసగా, ఒక్క వేరు కూడా వదలకుండా, దిబ్బంతా శుభ్రం చేసింది.